మిట్టమధ్యాహ్నపు మెగావాట్లు

2025 జులైలో ఢిల్లీ నుంచి ఒక శుభవార్త వచ్చింది. దేశంలోని విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం ఇప్పుడు బొగ్గూ గ్యాసూ కాల్చనక్కర లేనిదేనట. 484.8 గిగావాట్లలో 242.8. 2030కి చేరాల్సిన చోటికి అయిదేళ్లు ముందే చేరిపోయామని ప్రకటించారు. వంతెనలు, పరీక్ష ఫలితాలు, పింఛన్లు అన్నీ ఆలస్యంగా వచ్చే దేశంలో అయిదేళ్లు ముందుగా వచ్చిన వస్తువేదైనా ఉందంటే ఓసారి తట్టి చూడాలనిపిస్తుంది. తట్టి చూస్తే లోపల కొంచెం డొల్లగా మోగింది.

స్థాపిత సామర్థ్యం అంటే యంత్రానికి బిగించిన రేకు మీద రాసి ఉండే అంకె. ఆ యంత్రం ఇవాళ తిరిగిందా, తిరిగితే ఎన్ని గంటలు తిరిగిందన్నది ఆ రేకుకు అనవసరం. దేశంలో ఉత్పత్తయ్యే ప్రతి పది యూనిట్లలో ఏడుకు పైగా ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి. అంటే రేకుల మీద సగం దేశం పచ్చగా ఉంది, తీగల్లో ముప్పాతిక దేశం నల్లగా ఉంది. రెండూ నిజాలే. మొదటి నిజానికి ప్రెస్‌మీట్ పెడతారు, రెండోదాన్ని నివేదిక చివరి పట్టికలో పెడతారు.

ముందే చెబుతున్నాను, సూర్యుడి మీద నాకు ఏ కోపమూ లేదు. ఎండను కరెంటుగా మార్చడం ఈ దేశం చేసిన తెలివైన పనుల్లో ఒకటి. 2015లో కర్నూలు జిల్లా గని సోలార్ పార్కుకు యూనిట్ 4 రూపాయల 63 పైసలకు టెండరు పడితే అబ్బో అన్నారు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లాలో 2 రూపాయల 44 పైసలకు పడింది. కొత్తగా కట్టే బొగ్గు కేంద్రం అంత చవకగా కరెంటు ఇవ్వలేదు. సూర్యుడు తన పని తాను చేస్తున్నాడు. నా పేచీ అంతా సూర్యుడి పేరు చెప్పుకుని దండలు వేయించుకుని, ఆయన పడమటి కొండ దిగగానే మాయమయ్యే పెద్దమనుషులతో.

సూర్యుడిది సచివాలయం డ్యూటీ. తొమ్మిదింటికి నెమ్మదిగా వస్తాడు, పన్నెండింటికి సెక్షన్ అంతా తనదే అన్నట్టు ఉంటాడు, అయిదింటికి సీట్లో కండువా మాత్రమే కనిపిస్తుంది. ఒక్కటే తేడా, ఆయన సెలవు పెట్టకుండా రోజూ వస్తాడు. ఇక గాలి మన సీమ కొండల మీద ఎక్కువగా నైరుతి రుతుపవనాలతో వచ్చి వాటితోనే వెళ్లిపోతుంది. రామగిరి కొండల మీద రెక్కలు జూన్ నుంచి సెప్టెంబరు దాకా హోరున తిరుగుతాయి. సరిగ్గా అప్పుడే వానలు పడి మోటార్లూ ఏసీలూ ఆగుతాయి. వచ్చేవాడు వచ్చే వేళకు అడిగేవాడు ఉండడు, అడిగేవాడు అడిగే వేళకు ఇచ్చేవాడు ఉండడు.

గ్రిడ్‌కు ఈ సెంటిమెంట్లేవీ పట్టవు. దానికి ఒకే ఒక్క నియమం: ఈ క్షణాన ఎంత వాడుతున్నారో ఈ క్షణాన అంతే పుట్టాలి. ఎక్కువ పుడితే ఫ్రీక్వెన్సీ పైకి లేస్తుంది, తక్కువ పుడితే కిందికి జారుతుంది. మన దేశంలో దాని నడక 49.90 నుంచి 50.05 హెర్ట్జ్ మధ్య సాగాలి. రోజును పావుగంట చొప్పున 96 ముక్కలు చేసి, ప్రతి ముక్కకూ ఎవరు ఎంత ఇస్తారో, ఎవరు ఎంత తీసుకుంటారో ముందే రాసిపెడతారు. రాసిన మాట తప్పినవాడు జరిమానా కట్టాలి. రాజకీయాల్లో ఈ పద్ధతి ఉంటే ఎన్ని పార్టీలు మిగిలేవో చెప్పలేను.

ఈ 96 ముక్కల్లో పగటి ముక్కలకు కావలసినంతమంది యజమానులున్నారు. పన్నెండున్నర ముక్క కేంద్రానిది, రాష్ట్రానిది, పార్కు కట్టిన కంపెనీది, భూమి ఇప్పించిన ఎమ్మెల్యేది. రాత్రి ఏడున్నర ముక్క మాత్రం అనాథ.

ఏడున్నరకు ఏం జరుగుతుందో చూడండి. ఎండ పోయి గంటకు పైనే అయింది. ఇళ్లల్లో లైట్లు, టీవీలు, మిక్సీలు, ఏసీలు అన్నీ ఒక్కసారి పడ్డాయి. పగలంతా సూర్యుడు మోసిన బరువును రెండు మూడు గంటల్లో ఇంకెవరో భుజాన వేసుకోవాలి. ఈ ఎక్కుడును గ్రాఫు గీస్తే బాతు బొమ్మ వస్తుందని కాలిఫోర్నియా ఇంజనీర్లు పేరు పెట్టారు. మధ్యాహ్నం బొజ్జ కిందికి జారి ఉంటుంది, సాయంత్రం మెడ నిటారుగా లేస్తుంది. వాళ్లకు అది బాతు. మన డిస్పాచ్ సెంటర్‌లో సాయంత్రం షిఫ్టు చేసేవాడికి అది కొండ, రోజూ అదే కొండ.

2020 ఏప్రిల్ 5 గుర్తుందా? రాత్రి 9 గంటలకు 9 నిమిషాల పాటు లైట్లు ఆర్పి దీపాలు పెట్టమని ప్రధాని పిలుపునిచ్చిన రోజు. జనం బాల్కనీల్లో ఫొటోలు దిగుతుంటే లోడ్ డిస్పాచ్ సెంటర్లలో ఇంజనీర్లు ఇష్టదైవాలను తలుచుకుంటున్నారు. దేశం మొత్తం ఒక్కసారి లైట్లు ఆర్పితే ఫ్రీక్వెన్సీ తన్నుకొస్తుంది, తిరిగి వేస్తే కుంగిపోతుంది. ఏ వైపు హద్దు దాటినా యంత్రాలు తమ ప్రాణం తాము కాపాడుకోవడానికి వరసగా ట్రిప్పవుతాయి. డిమాండ్ 12, 13 వేల మెగావాట్లు తగ్గుతుందని లెక్క వేశారు. తగ్గింది 31,089 మెగావాట్లు. ఆ దెబ్బలో సగానికి పైగా కాచుకున్నవి జలవిద్యుత్ కేంద్రాలు. ముందే వాటిని నిండుగా నడిపించి, తొమ్మిదయ్యే వేళకు దించేసి, తొమ్మిదీ పది దాటగానే మళ్లీ ఎత్తారు. గ్రిడ్ నిలబడింది. మర్నాడు పేపర్ల నిండా దీపాలు. ఆ రాత్రి టర్బైన్ దించి ఎత్తిన ఇంజనీరు ఫొటో నేనెక్కడా చూడలేదు.

ఇప్పుడు సూర్యుడు ప్రతి సాయంత్రం అంతకంటే పెద్ద లైటు ఆర్పుతున్నాడు. 2025 జనవరి నాటికి సౌర సామర్థ్యం 100 గిగావాట్లు దాటింది మరి. దీనికి ప్రధాని పిలుపు అక్కర్లేదు. సూర్యాస్తమయం ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో పదిహేను రూపాయల క్యాలెండర్ వెనకాల, రాహుకాలం పక్కనే అచ్చు వేసి ఉంటుంది. అయినా మన విద్యుత్ శాఖలు ప్రతి ఎండాకాలం సూర్యుడు అస్తమిస్తాడన్న సంగతి కొత్తగా తెలిసినట్టు అత్యవసర సమీక్ష పెట్టుకుంటాయి.

మరి మధ్యాహ్నం అంత ఎండ ఉన్నప్పుడు బొగ్గు కేంద్రాలు ఆపేయొచ్చు కదా అని బడిపిల్లవాడైనా అడుగుతాడు. ఆపలేం. బాయిలర్ చల్లారిందంటే మళ్లీ రాజేసి లైన్లోకి తేవడానికి గంటలు పడుతుంది. రాత్రి ఏడున్నరకు అది కావాలంటే మధ్యాహ్నం పన్నెండింటికి కూడా అది సగం దమ్ముతో కాలుతూ కూర్చోవాలి. ఈ కనీస లోడును 55 శాతానికి, ఆపైన దశలవారీగా 40 శాతానికి దించాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2023లో నిబంధనలు తెచ్చింది. రోజూ దించి ఎత్తడానికి కట్టిన యంత్రాలు కావవి. అలా చేస్తే ట్యూబులు అరిగిపోతాయి, ఆయిలు ఎక్కువ తాగుతాయి. ఆ ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్న దగ్గర ఫైలు కాళ్లు బారజాపి పడుకుంటుంది. ఈలోగా ఏం చేస్తున్నాం? రాత్రి బొగ్గు కావాలి కాబట్టి పగటి ఎండను పారబోస్తున్నాం. డబ్బు పెట్టి కొన్న బొగ్గును కాలుస్తూ, డబ్బు అడగని ఎండను వద్దంటున్నాం. ఫోనొస్తుంది: ‘సోలార్ బ్యాక్‌డౌన్ చేయండి.’ అంతే. ఎండ నిలువునా కాస్తూనే ఉంటుంది, పలకలు మెరుస్తూనే ఉంటాయి, కరెంటు మాత్రం కంచె దాటదు.

బజారు ఈ కథనే రూపాయల్లో చెబుతుంది. 2025 మే నెలలో కొన్ని ఆదివారాలు మధ్యాహ్నం పవర్ ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర పైసల్లోకి పడిపోయింది. గిరాకీ వేళ అదే ఎక్స్ఛేంజీలో ధర ఎక్కి ఎక్కి, నియంత్రణ మండలి కట్టిన 10 రూపాయల కప్పుకు తల తగిలి ఆగిన రోజులూ ఉన్నాయి. మధ్యాహ్నం ఉచితం, రాత్రికి పది రూపాయలు. కొత్తిమీర అమ్మే అవ్వకు ఈ లెక్క చెబితే పొద్దున కొని నీడన పెట్టి సాయంత్రం అమ్ముతుంది. మన విద్యుత్ శాఖలకు పెద్ద పెద్ద కన్సల్టెంట్లున్నారు గానీ నీడ లేదు.

పోనీ ఎండ ఎక్కువున్న చోటి నుంచి తక్కువున్న చోటికి పంపుదామా? దానికి తీగ కావాలి. సోలార్ పార్కు ఏడాదీ ఏడాదిన్నరలో లేస్తుంది. హైటెన్షన్ లైను లేవడానికి దారిహక్కులు, అడవి అనుమతులు, పొలాల్లో టవర్ల తగవులు దాటాలి, దానికి దాని తీరిక దానిది. 2025 జూన్ 30 లోపు మొదలైన సౌర, పవన ప్రాజెక్టులకు అంతర్రాష్ట్ర ప్రసార ఛార్జీలు మాఫీ అన్నారు. ఇంకేముంది, అందరూ ఎండ బాగా కాసే రాజస్థాన్ ఎడారిలోకి పరుగెత్తారు. తీగ మాత్రం పరుగెత్తలేదు. ఇప్పుడక్కడ పూర్తయిన పలకలు లైను ఎప్పుడొస్తుందా అని ఎదురు చూస్తూ మిట్టమధ్యాహ్నాలు వృథా చేసుకుంటున్నాయి. ఇంకో ముచ్చట కూడా ఉంది. కేంద్ర సంస్థలు టెండర్లు పిలిచి ఖరారు చేసిన 40 గిగావాట్లకు పైగా పునరుత్పాదక సామర్థ్యానికి కొనేవాడు సంతకం పెట్టలేదు. పెళ్లికొడుకును ఖాయం చేసి, శుభలేఖలు కూడా పంచి, పిల్లనిచ్చేవాళ్లను ఇంకా వెతుకుతున్నారు.

తీగ రాకపోవడానికి నిందితుడు కావాలి కదా, దొరికాడు. బట్టమేక పిట్ట. నేల మీద నడిచే ఆ బరువైన పక్షికి ఎదురుగా ఉన్న తీగ సరిగ్గా కనబడదు, ఎగిరి గుద్దుకుని చస్తుంది. దాన్ని కాపాడటానికి రాజస్థాన్, గుజరాత్ ఎడారుల్లో తీగల్ని భూమిలో పాతిపెట్టమని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. సాధ్యం కాదని కేంద్రం మొరపెట్టుకుంది. 2024 మార్చిలో కోర్టు ఆ ఆదేశాన్ని సడలించి, నిపుణుల కమిటీకి అప్పజెప్పింది. కర్నూలు వాళ్లకు ఈ పిట్ట పాత చుట్టం. రోళ్లపాడు అభయారణ్యం పెట్టిందే దానికోసం. ఇప్పుడక్కడ పిట్ట పేరు బోర్డు మీద మిగిలింది. దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కబెట్టగలిగినన్ని వందలు కూడా లేని పక్షి, ఒక జాతీయ గ్రిడ్‌ను అడ్డుకుంటోందంటే దాని పలుకుబడికి దండం పెట్టాలి.

ఇక్కడ మన సొంత గడ్డ మీద జరిగిన నాటకం ఒకటి చెప్పకుండా దాటేస్తే పాపం. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వం 25 ఏళ్ల పాటు గాలి కరెంటు కొంటామని యూనిట్‌కు 4 రూపాయల 80 పైసల పైచిలుకు చొప్పున కంపెనీలతో వరసగా ఒప్పందాలు రాసుకుంది. ధరలు పడిపోతున్నాయని తెలిసే రాసుకుంది. 2019లో ప్రభుత్వం మారింది. జులై 1న ఉన్నతస్థాయి సంప్రదింపుల కమిటీ పుట్టింది. రేట్లు 2.43, 2.44కు దించండి, లేదంటే రద్దు అంది. అంతవరకూ రాజకీయం, అర్థం చేసుకోవచ్చు. అసలు ముచ్చట తర్వాత. అదే కాలంలో, రుతుపవన గాలి భళ్లున వీస్తుండగా, గాలిమరల్ని వరసగా ఆపించడం మొదలైంది. ఏమయ్యా అంటే గ్రిడ్ భద్రత అన్నారు. అవే మరలు, అదే గ్రిడ్, అదే గాలి. మే నెల దాకా లేని ప్రమాదం ప్రమాణ స్వీకారంతో పాటు వచ్చింది. రాగి తీగకు ఎన్నికల ఫలితాలు అంత త్వరగా తెలుస్తాయని ఫిజిక్సు పుస్తకంలో ఎక్కడా చదవలేదు.

ఢిల్లీ నుంచి కేంద్ర మంత్రి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఒప్పందం చెడితే ఈ దేశంలో ఇంకెవడు డబ్బు పెడతాడన్నది వారి బెంగ. హైకోర్టు మధ్యంతరంగా 2.43, 2.44 చొప్పున కడుతూ ఉండమంది. చివరికి 2022 మార్చి 15న డివిజన్ బెంచి ఒప్పందంలో రాసుకున్న రేటే రేటు, బకాయిలు ఆరు వారాల్లో కట్టండి అంది. ఎక్కువ రేటుకు రాసుకున్నవాళ్లు మేము పరిశ్రమ తెచ్చామన్నారు. తగ్గించబోయినవాళ్లు మేము ప్రజాధనం కాపాడబోయామన్నారు. మూడేళ్ల గొడవలో వేసిన దావాలకు, ఆపిన గాలికి, పెరిగిన బకాయిలకు డబ్బు మాత్రం ఇద్దరి జేబుల్లోంచీ పోలేదు. దాన్ని కట్టిన మహానుభావుడు ఈ వ్యాసం చదువుతున్నాడు.

గ్రిడ్ భద్రత అన్న మాట నిజంగా తలుచుకోవాల్సిన రోజులు వేరే ఉన్నాయి. 2012 జులై 30న ఉత్తరాది గ్రిడ్ కూలింది. మర్నాడు ఉత్తరం, తూర్పు, ఈశాన్యం కలిసి కూలాయి. 60 కోట్ల మందికి పైగా ఉండే ప్రాంతం చీకటైంది. రైళ్లు పట్టాల మీద నిలిచిపోయాయి. అదే జులై 31న విద్యుత్ మంత్రి సుశీల్‌కుమార్ షిండే గారిని హోంమంత్రిగా పెంచారు. ఆ రోజు దక్షిణాది వెలుగుతూనే ఉంది. మన ఘనత వల్ల కాదు, మన గ్రిడ్ అప్పటికి వాళ్లతో ఒకే లయలో కలవలేదు కాబట్టి. 2013 డిసెంబరు 31న రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో అదీ అయింది. ఒకే దేశం, ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ. లయ ఒకటైంది గానీ, తప్పు జరిగినప్పుడు చూపుడు వేలు ఇప్పటికీ అయిదు దిక్కులకు లేస్తుంది.

స్పెయిన్ సంగతి కూడా ఒకసారి. 2025 ఏప్రిల్ 28 మధ్యాహ్నం 12.33కు స్పెయిన్, పోర్చుగల్ కలిసి చీకట్లోకి వెళ్లాయి. అయిదు సెకన్లలో 15 గిగావాట్లు మాయమయ్యాయని ఆ దేశ ప్రధానే చెప్పారు. ఇక్కడ మన వాట్సాప్ విశ్వవిద్యాలయంలో రెండు పీఠాలు వెంటనే తీర్పులిచ్చాయి. ఒకటి, సోలార్ వల్లే. రెండోది, సోలార్‌కు ఏ పాపమూ తెలియదు. విచారణలో బయటపడింది అదుపు తప్పిన వోల్టేజీ. దాన్ని పట్టి ఉంచాల్సిన పాత కేంద్రాలు కొన్ని సరిగ్గా పట్టలేదు, కొత్త సోలార్ కేంద్రాలకు ఆ పని చేయమని నిబంధనల్లో ఎవరూ చెప్పలేదు. మీట నొక్కితే సోలార్ ఇన్వర్టర్ కూడా వోల్టేజీని పట్టగలదు. మీట నొక్కమని చెప్పాల్సినవాడు నిద్రపోయాడు. ఈ ముగింపు రెండు పీఠాలకూ నచ్చలేదు, అందుకే ఫార్వర్డ్ కాలేదు.

ఇప్పుడు నీడ సంగతి, అంటే నిల్వ సంగతి. మధ్యాహ్నం కరెంటుతో నీటిని పైకి తోడి, రాత్రి కిందికి వదిలి తిరిగి కరెంటు తీయడం పాత విద్య. కొత్తగా విదేశాల నుంచి తెచ్చుకోవాల్సిన పని లేదు, కృష్ణ మీద మనకే ఉంది. శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యంత్రాలు ఆరు, అన్నీ వెనక్కి తిరిగి నీటిని తోడగలవు. నాగార్జునసాగర్‌లో 100.8 మెగావాట్లవి ఏడు, అవీ అంతే. రెండూ కలిపితే 1,600 మెగావాట్ల పైమాట. సోలార్ పార్కుల పక్కనే, దక్షిణ గ్రిడ్ నడిబొడ్డున, ఎవరో ముందుచూపుతో కట్టి పెట్టిన ఆస్తి. అక్కడ మనం చేసిందేమిటి? 2021 జులైలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఆనకట్టలకు రెండు వైపులా పోలీసుల్ని నిలబెట్టాయి. 2023 నవంబరులో, తెలంగాణ పోలింగుకు కొన్ని గంటల ముందు, సాగర్ మీద ముళ్లకంచె వేసుకున్నారు. నువ్వు కరెంటు కోసం నీళ్లు వదిలి సాగునీరు ఎండగట్టావని ఒకరు, నువ్వు కాలువకు మళ్లించి నా వాటా మింగావని ఇంకొకరు. వదిలిన నీటినే మళ్లీ పైకి తోడుకోగల యంత్రం ఆ గొడవ కిందే, సొరంగంలో ఉంది. యంత్రాలు వెనక్కి తిరుగుతాయి. ప్రభుత్వాలకు రివర్స్ గేరు ప్రెస్‌మీట్లలో మాత్రమే పడుతుంది.

గుజరాత్‌ది ఇంకో వైభవం. సర్దార్ సరోవర్‌లో నీటిని తోడగల 1,200 మెగావాట్ల యంత్రాలు బిగించారు. తోడాలంటే కింద నీరు నిలవాలి, నిలవాలంటే దిగువన ఒక చిన్న ఆనకట్ట కావాలి. ఆ చిన్న ఆనకట్ట ఏళ్ల తరబడి పూర్తి కాలేదు. పక్కనే ప్రపంచంలో అన్నిటికంటే ఎత్తయిన విగ్రహం మాత్రం 2018లో అనుకున్న రోజుకు లేచి నిలబడింది.

బ్యాటరీలంటారా, వస్తున్నాయి, ధరలు ఏటా దిగుతున్నాయి. 2016 సెప్టెంబరులో రాష్ట్రం మొత్తం చీకటైపోయిన దక్షిణ ఆస్ట్రేలియా, మరుసటి ఏడాదికే 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టుకుంది. మన టెండర్లూ పడుతున్నాయి. ఒక్కటే మనవి: బ్యాటరీకి కూడా రేకు ఉంటుంది, దాని మీదా మెగావాట్లే పెద్ద అక్షరాల్లో రాస్తారు. ఎన్ని గంటలు ఇస్తుందో అడగడం మరిచిపోకండి.

ఇవన్నీ రాకముందు, గత ముప్పై ఏళ్లుగా ఈ గ్రిడ్‌ను ఎవరు నిలబెట్టారో తెలుసా? రైతు. ఆయనకు తెలియకుండానే. పట్నం నిద్రపోయాక మిగిలిన కరెంటును ఆయన మీదికి తోసేవారు. త్రీ ఫేజ్ రాత్రి పదకొండుకు వస్తుందో రెండుకు వస్తుందో తెలియదు. చేతిలో టార్చి, కాలికింద గట్టు, గట్టు మీద ఏముందో ఆ దేవుడికి తెలుసు. తడిచేత్తో స్టార్టర్ డబ్బా తెరిచి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ల వార్తలు జిల్లా పేజీలో సింగిల్ కాలమ్‌లో వచ్చేవి. ఆ తిప్పలు పడలేకే ఆటోస్టార్టర్ బిగించుకున్నాడు. కరెంటు రాగానే మోటారు దానంతట అదే తిరుగుతుంది, మడి నిండినా, గట్టు తెగినా తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఆయన్ను దొంగ అన్నారు. నీళ్లు వృథా చేస్తాడన్నారు. ఉచిత కరెంటు ఈ రాష్ట్రాన్ని ముంచుతుందన్నారు. ఛార్జీలు పెంచొద్దని 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌కు వచ్చినవాళ్ల మీద తూటాలు పేల్చారు. 2004 మే 14న ప్రమాణ స్వీకార వేదిక మీదే ఉచిత విద్యుత్ ఫైలు మీద తొలి సంతకం పడింది. కరెంటు ఉచితమైంది, వేళ మాత్రం మారలేదు. పగటి కరెంటు ఇవ్వండి మహాప్రభో అని రైతు అడిగితే పగలు ఇవ్వడం సాంకేతికంగా అసాధ్యమని చాలాకాలం జవాబిచ్చారు.

ఇప్పుడు పగటి కరెంటు పోటెత్తింది, వాడేవాడు కావాలి. ఒక్క రోజులో సాంకేతికంగా అసాధ్యమైనది జాతీయ అవసరమైపోయింది. రైతుకు పగలే ఇవ్వాలని పథకాలు, ఫీడర్లు వేరుచేయడాలు, ఆంధ్రలో పగటిపూట తొమ్మిది గంటలు, గుజరాత్‌లో సూర్యోదయం పేరుతో ఒక యోజన. విజయవాడ స్టార్ హోటల్లో సెమినార్ పెట్టి, తెర మీద రంగురంగుల గీతలు వేసి, ‘వ్యవసాయ లోడ్ మనకు పెద్ద వనరు’ అంటారు. నిన్నటి దాకా భారం, ఇవాళ వనరు. పాముల మధ్య నిలబడ్డ ఆ ముప్పై ఏళ్ల రాత్రి కూలీ ఏ ట్రూఅప్‌లో, అంటే ఏ పాత లెక్కల సర్దుబాటులో, తిరిగి ఇస్తారో అడిగే ఓపిక ఆ హాల్లో ఎవరికీ లేదు, లంచ్ అయిపోతుంది. నాకూ ఒక అనుమానం ఉందిలెండి. పగలంతా ఖర్చు లేని ఎండతో బోరు తిరుగుతూనే ఉంటే కింద నీరు ఎన్నేళ్లుంటుంది? తెలంగాణ 2018లో 24 గంటలూ ఇస్తూ ఆటోస్టార్టర్లు తీసేయండని రైతులను బతిమాలుకోవాల్సి వచ్చింది ఇందుకే. ఎండకు మీటరు లేకపోవచ్చు, భూగర్భానికి ఉంది.

ఇక మిగిలింది మనం, అంటే బిల్లు. ఎనర్జీ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, విద్యుత్ సుంకం. వాటి కింద అసలు కథ మొదలవుతుంది: ఎఫ్‌పీపీసీఏ (ఇంధన, విద్యుత్ కొనుగోలు ఖర్చుల సర్దుబాటు), ట్రూఅప్. ఏడున్నర ముక్కకు యజమాని లేక బజార్లో దొరికిన రేటుకు కొన్న కరెంటూ, ముందే వేసుకోవాల్సిన తీగ వేసుకోని నష్టమూ, ఆపిన గాలికి కోర్టు వేసిన లెక్కా చివరికి వచ్చి చేరే వరసలవి. 2024 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో కొద్ది వారాల తేడాతో 6,072 కోట్లు, 9,412 కోట్లు ఇలా వసూలుకు అనుమతి పొందాయి. అవన్నీ సూర్యుడి పద్దు కాదు, బొగ్గు పద్దూ ఉంది, చేతకానితనం పద్దూ ఉంది. మీ హయాంలో చేసిన అప్పే అని వీళ్లు, మీ హయాంలో వేసిన వడ్డనే అని వాళ్లు. బిల్లు మీద ఆ ఇద్దరి ఫొటోలూ ఉండవు. సంక్షేమ పథకం కార్డు మీద మాత్రం ఉంటాయి.

దీనికీ పరిష్కారం వచ్చింది. వేళను బట్టి ధర. ఎండవేళ చవక, గిరాకీ వేళ ప్రియం, దానికో స్మార్ట్ మీటరు. సూత్రం తప్పుపట్టలేం. ఆఫీసుకు వెళ్లే ఇల్లాలు పన్నెండింటికి ఇంట్లో మిక్సీ వేయదన్నది సూత్రానికి తెలియదు. పగలు కరెంటు అంత చవకైతే ఆ చవక ముందు నా బిల్లులో చూపించండి, ప్రియం సంగతి తర్వాత మాట్లాడుకుందాం అంటున్నారు జనం. ఇంతవరకూ ఆ మొదటి సగం కనబడక రెండో సగం మీటరే గోడకెక్కుతుంటే ఊళ్లలో మీటర్లు పగలగొడుతున్నారు. దానికి కేసులు పెడుతున్నారు.

నేను కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. దేశంలో ఇకమీదట ఏ సోలార్ పార్కుకైనా ప్రారంభోత్సవం రాత్రి ఏడున్నరకే జరగాలి. అదొక్కటే జీవో ఇవ్వండి. వేదిక మీద లైట్లు, మైకు, మంత్రిగారి కుర్చీ పక్క కూలరు, అన్నీ ఆ పార్కు కరెంటుతోనే నడవాలి. డీజిల్ జనరేటర్ తెస్తే సభ రద్దు. నిల్వ పెట్టుకుంటారో, తీగ వేసుకుంటారో, పక్క రాష్ట్రంతో నీళ్ల గొడవ తీర్చుకుని టర్బైన్ తిప్పుకుంటారో వాళ్లిష్టం. మైకు మోగితే మంత్రిగారు ఎంతసేపైనా మాట్లాడవచ్చు, చప్పట్లు కొట్టేవాళ్లలో నేనే ముందుంటాను. మైకు మోగకపోతే మాత్రం ఏం జరుగుతుందో ఇప్పుడే చెప్పగలను: ఆ మండలం ఏఈని సస్పెండ్ చేస్తారు.